సందేహాలు - సమాధానాలు: మన నవలాకారులు మెచ్చిన పుస్తకాలు

తెనాలి, బాపట్ల, రేపల్లెల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే సంగతి అడిగాయి: ఫలానా రచయిత మెచ్చిన పుస్తకాలేవి, వాటిని మేమూ చదవొచ్చా అని. ఒకే తీరు ప్రశ్నల్ని కలిపేసి, పేర్లు తీసేసి జవాబులిస్తున్నాను.

కొడవటిగంటి కుటుంబరావు గారు మా ఊళ్లోనే పుట్టారు. ఆయనకు నచ్చిన పుస్తకాల జాబితా ఎక్కడైనా ఉందా? ఇప్పటి రచయితలు ‘నాకు నచ్చిన పది పుస్తకాలు’ అని పత్రికలకు చెబుతున్నారు కదా. – రిటైర్డ్ ఉపాధ్యాయుడు, తెనాలి

జాబితా కోసం వెతక్కండి మాస్టారూ. ఆయనది జాబితాలిచ్చే తరహా కాదు. ఆయన సాహిత్య వ్యాసాలు తీయండి. వీరేశలింగం, గురజాడ, చలం పదే పదే తగులుతారు. వీళ్లు గొప్పవాళ్లు అని దణ్ణం పెట్టి ఊరుకోడు ఆయన. వీళ్ల రాతలు ఏ కాలంలో, ఏ మనుషుల బతుకుల్లో ఏం కదిలించాయి అని ఆరా తీస్తాడు. కాశీ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివిన మనిషి. పుస్తకం దగ్గర కూడా కార్యకారణాలు అడిగే అలవాటు పోలేదు. ఆయన మెప్పులో పొగడ్త కంటే లెక్క చూడడమే ఎక్కువ. నాకైతే అదే నచ్చుతుంది.

ఆయన మెచ్చిన పుస్తకాలు ఇంకోచోట కూడా ఉన్నాయి. మీరూ నేనూ చిన్నప్పుడే చదివేశాం. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆయన ‘చందమామ’లో పనిచేశారు. హోమర్ గ్రీకు కావ్యాలు అక్కడే ‘భువనసుందరి’, ‘రూపధరుడి యాత్రలు’ అనే పేర్లతో వచ్చాయి. హెలెన్ భువనసుందరి, ఒడిస్సియస్ రూపధరుడు. నోరు తిరగని గ్రీకు పేర్లు పెట్టివుంటే రెండో తరగతి పిల్లవాడు మొదటి పేజీలోనే పత్రిక మూసేసేవాడు. ఎప్పటిదో కావ్యాన్ని తెలుగు పిల్లల నోటికి అందేలా దింపాలంటే, ఆ కావ్యాన్ని ఎంత ఇష్టంగా, ఎంత దగ్గరగా చదివి ఉండాలి! పైగా సంతకం కూడా లేకుండా. పది పుస్తకాల జాబితా రాయడానికి పావుగంట చాలు. ఈ పనికి ఏళ్లు పట్టింది.

మీకు నా సలహా ఇది. ముందు ‘చదువు’ నవల మళ్లీ చదవండి. సుందరం అనే కుర్రవాడి చదువు వెంట నడుస్తూ, మొదటి ప్రపంచయుద్ధం నాటి కోస్తా మధ్యతరగతి ఇళ్లలోకి వెళ్తాం. అది పూర్తయ్యాక ఆయన సాహిత్య వ్యాసాలు. ఈ వరుసలో వెళ్తే ఆయన ఇతరుల పుస్తకాల్లో దేనికోసం వెతికేవాడో తెలుస్తుంది. కేతు విశ్వనాథరెడ్డి గారి సంపాదకత్వంలో విశాలాంధ్ర వాళ్లు కుటుంబరావు సాహిత్యాన్ని సంపుటాలుగా తెచ్చారు. మీ ఊరి గ్రంథాలయంలో ఒకటో రెండో ఉండకపోవు. లేకపోతే సూచనల పుస్తకంలో రాయండి, నలుగురి చేతా రాయించండి.

‘మైదానం’ చదివాను. ఇంత కటువుగా రాసిన చలం గారు, ఇంకొకరి పుస్తకాన్ని ఎప్పుడైనా మెచ్చుకున్నారా? – వ్యవసాయ కళాశాల విద్యార్థి, బాపట్ల

మెచ్చుకోకేం! తెలుగులో ఒక రచయిత ఇంకొక రచయిత పుస్తకాన్ని మెచ్చిన రాతల్లో అన్నింటికన్నా పేరుపడ్డది ఆయనదే. శ్రీశ్రీ ‘మహాప్రస్థానా’నికి చలం రాసిన ముందుమాట, ‘యోగ్యతాపత్రం’. రాసింది 1940లో. పుస్తకం అచ్చయింది 1950లో. అంటే పుస్తకం కోసం ముందుమాట పదేళ్లు కాచుక్కూచుంది. మామూలుగా మన దగ్గర జరిగేది దీనికి తలకిందులుగా ఉంటుంది. పుస్తకం ప్రెస్సులో ఉంటుంది, ముందుమాట రాసే పెద్దాయన ఇవాళ రేపు అంటూ ఉంటాడు.

చలం తెనాలిలో తాతగారింట పెరిగినవాడు. శ్రీశ్రీ కంటే పదహారేళ్లు పెద్ద. పెద్దవాళ్లు చిన్నవాళ్లకు రాసే ముందుమాటల్లో ఆశీర్వచనం ఉంటుంది, ‘మరింత కృషి చేయగలడని ఆశిస్తూ’ ఉంటుంది. చలం యోగ్యతాపత్రంలో ఆ వాసన తగలనివ్వలేదు. ఛందస్సు గురించి పాఠం చెప్పలేదు. ఈ పద్యాలు తనను ఏం చేశాయో చెప్పాడు, పాఠకుడితో తగాదా పెట్టుకున్నాడు. మీ తాతల కాలం వాళ్లలో దాన్ని కంఠతా అప్పజెప్పినవాళ్లుండేవారు. ముందుమాటను కంఠస్థం చేయడం ఎక్కడైనా విన్నారా?

ఒక హెచ్చరిక. పుస్తకం తెరవగానే యోగ్యతాపత్రం కనిపిస్తుంది. దాన్ని దాటేసి పద్యాల్లోకి వెళ్లండి. పద్యాలు రెండుసార్లు చదివాక వెనక్కి రండి. లేకపోతే చలం గొంతు ఎంత బలమైనదంటే, శ్రీశ్రీని కూడా చలం చెవులతోనే వింటారు. మన విమర్శకుల్లో కొందరు ఇప్పటికీ అలాగే వింటున్నారని నా అనుమానం.

ఆయన మెచ్చిన మరో పుస్తకం టాగూరు ‘గీతాంజలి’. దాన్ని తనే తెలుగు చేశారు. ‘మైదానం’ రాజేశ్వరి వెంట నడిచిన మీకు ఆ అనువాదం మొదట వేరే మనిషి రాసినట్టు అనిపిస్తుంది. కొంచెం ఓపిక పట్టండి. రాజేశ్వరి దేనికోసం ఇల్లు దాటిందో, గీతాంజలిలోని భక్తుడు దేనికోసం తపిస్తున్నాడో, ఆ రెంటికీ చుట్టరికం ఉందని చలం నమ్మాడు. మీరు నమ్మనక్కర్లేదు. వాదించండి.

మా అమ్మమ్మ శరత్ పుస్తకాలు చదివి ఏడ్చేది. శరత్ తెలుగువాడేననుకునేది. నేను ఇప్పుడు మొదలుపెట్టాలనుకుంటున్నాను. ఏ అనువాదం మంచిది? – గృహిణి, రేపల్లె

మీ అమ్మమ్మ గారొక్కరే కాదమ్మా, ఆ తరంలో చాలామంది అలాగే అనుకున్నారు. వాళ్ల పొరపాటు వెనక తెనాలి మనిషి ఒకడున్నాడు. ఐతానగరంలో పుట్టిన ఆలూరి వెంకట సుబ్బారావు, అందరికీ తెలిసిన పేరు చక్రపాణి. విజయా వారి సినిమాల చక్రపాణే, ‘చందమామ’ చక్రపాణే. క్షయ పట్టుకుని మదనపల్లె శానిటోరియంలో చికిత్స తీసుకుంటూ అక్కడ బెంగాలీ నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో క్షయ అంటే సగం ఆశ వదులుకోవడమే. అలాంటి మంచం మీద మనిషి పరభాష ఒకటి నేర్చుకుని, శరత్‌ను ఇంగ్లీషు మెట్టు ఎక్కించకుండా నేరుగా బెంగాలీ నుంచి తెలుగులోకి దించాడు.

ఆ తెలుగు చూడండి. పొట్టి వాక్యాలు, ఇంట్లో మాట్లాడుకునే మాటలు. దేవదాసు, పార్వతి మన పక్కింట్లో పెరిగినట్టుంటారు. అనువాదంలో బెంగాల్ కొంత చెరిగిపోయిందని పండితులు అంటే కాదనను. అయినా, మీ అమ్మమ్మ గారి కన్నీళ్లకు ఆ చెరిగిపోవడమే దారి ఇచ్చింది.

చక్రపాణి ‘దేవదాసు’తో మొదలుపెట్టండి. తరవాత శరత్‌ను విస్తారంగా చదవాలనిపిస్తే బొందలపాటి శివరామకృష్ణ గారి అనువాదాలున్నాయి, దేశి కవితా మండలి వాళ్లు వేశారు. పాత పుస్తకాల కొట్లలో ఇంకా కనిపిస్తాయి. సినిమా ఆ తరవాతే చూడండి. అక్కినేని ముఖం ఒకసారి మనసులో పడితే శరత్ దేవదాసుకు చోటుండదు.

కొవ్వలి నవలలు చదివితే చెడిపోతామని మా నాన్న అనేవారు. నిజమా? – తెనాలి

చెడిపోవడానికి అంతకన్నా సులువైన మార్గాలు అప్పుడూ ఉన్నాయి. వెయ్యి నవలలు రాశాడని పేరున్న మనిషి, అణాల ధరకి జనానికి చదివే అలవాటు చేశాడు. ఒకటి చదివి చూడండి. రెండోది చదవాలనిపిస్తే మీ ఇష్టం.

హోటల్లో పనిచేస్తాను. పదో తరగతితో ఆపేశాను. శారద అనే రచయిత మా లాంటివాడేనని ఎవరో చెప్పారు. ఆయన పుస్తకాలు నాకు అర్థమవుతాయా? – తెనాలి

అర్థమవుతాయి. మాలాంటి వాళ్ల కంటే మీకే బాగా అర్థమవుతాయి.

శారద అసలు పేరు ఎస్. నటరాజన్. తమిళుడు, 1924లో పుట్టాడు. పన్నెండేళ్ల వయసు దాటుతుండగా తండ్రితో తెనాలి చేరేనాటికి తెలుగు రాదు. హోటళ్లలో సర్వర్‌గా చేస్తూ తెలుగు నేర్చుకున్నాడు. బడిలో నేర్చిన తెలుగు కాదది. గల్లాపెట్టె దగ్గరా, బల్లల దగ్గరా వినిపించే తెలుగు, దొరికిన పత్రికల్లో చదివిన తెలుగు. ఆ తెలుగులో కథలు రాశాడు. ‘మంచీ చెడూ’, ‘అపస్వరాలు’, ‘ఏది సత్యం’ నవలలు రాశాడు. మూర్ఛవ్యాధి, పస్తులు, అప్పులు వదల్లేదు. 1955లో, ముప్ఫై ఒక్కేళ్లు నిండీ నిండకుండా పోయాడు.

ముందు ‘మంచీ చెడూ’ తీసుకోండి. డబ్బు చేతులు మారేకొద్దీ మనుషులు ఎలా మారతారో అందులో కనిపిస్తుంది. బల్ల తుడిచేవాడు వ్యాపారిని చూసే చూపు వేరు. ఆ చూపు పెద్ద చదువుల రచయితల్లో దొరకదు. నవల అక్కడక్కడ తొందర తొందరగా పరుగెడుతుంది, నిజమే. రాసే తీరిక ఎంత దొరికేదో మీకు వేరే చెప్పాలా?

ఆ తరవాత చదవాల్సింది ఆయన రాసింది కాదు, ఆయన మీద రాసింది. ఆలూరి భుజంగరావు రాసిన ‘సాహిత్య బాటసారి శారద’. భుజంగరావు కూడా తెనాలి హోటళ్లలో పనిచేసినవాడే, శారద స్నేహితుడే, తరవాత తనూ రచయిత, అనువాదకుడు అయ్యాడు. స్నేహితుణ్ణి దేవుణ్ణి చేయకుండా, జాలిపడకుండా, పక్కన కూచుని చెప్పినట్టు చెబుతాడు. తెనాలి సాహిత్య సభల్లో శారదను తలుచుకుంటూ పెద్ద మాటలు చాలా వాడతారు. మీరు ఈ పుస్తకం చదివాక ఆ సభకు వెళ్లండి. ఎవరు చదివి మాట్లాడుతున్నారో ఇట్టే పట్టేస్తారు.

తెలుగు ఎం.ఏ. చేశాను, కానీ ప్రబంధమంటే పరీక్ష కోసం తప్ప చదవలేదు. నవలలంటే ఇష్టం. నవల చదివినంత ఇష్టంగా చదవగల ప్రబంధం ఏదైనా ఉందా? – ఉపాధ్యాయిని, బాపట్ల

ఉంది. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’. ఇది నా మాట కాదు. ‘కీలుబొమ్మలు’ నవల రాసిన జి.వి. కృష్ణరావు గారు తన పరిశోధనకు ఏరికోరి తీసుకున్న కావ్యం ఇది. ఆయన తెనాలి ప్రాంతపు కూచిపూడి వాడు. నాట్యానికి పేరుపడ్డ కూచిపూడి కాదండోయ్, అది కృష్ణకు ఆవల. పల్లెటూరి పెద్దమనిషి ఒకడు మాట తప్పితే ఊరంతా ఎలా అల్లకల్లోలమవుతుందో ‘కీలుబొమ్మల్లో’ చూపించిన రచయిత, పదహారో శతాబ్దపు ప్రబంధం మీద ఏళ్ల తరబడి ఎందుకు కూచున్నాడు? ఇది నన్ను చాలాకాలం వేధించిన ప్రశ్న.

కావ్యంలోకి దిగితే కారణం దొరుకుతుంది. కళాపూర్ణోదయంలో కథ లోపల కథ, దాని లోపల ఇంకో కథ. అసలు రంభ, మారు రంభ. అసలు నలకూబరుడు, మారు నలకూబరుడు. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో పాత్రలకే తెలియదు. ముడి విప్పేది ఎవరు? రాజసభలో ఉన్న పసిపాప మధురలాలస! పూర్వజన్మ కథ అంతా ఆ పాప నోట వస్తుంది. ఒకరు అన్న మాట ఎక్కడో బతికున్న మనుషుల జీవితమై కూచుంటుంది. ఒక మాట ఊరి తలరాతను మార్చడం ‘కీలుబొమ్మల్లో’ కూడా ఉన్నదే. ఆయనకు ఆ సంగతి సూరన దగ్గర పట్టుబడిందా, లేక ఊళ్లో చూసి సూరనలో గుర్తుపట్టాడా అన్నది మీరు రెండూ చదివి తేల్చుకోండి.

ఆయనకంటే ముందు కట్టమంచి రామలింగారెడ్డి గారు ‘కవిత్వతత్త్వవిచారము’లో ఈ కావ్యం మీద గట్టిగా రాశారు. కథాకల్పనను మెచ్చారు, తప్పులూ పట్టారు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి చేసిన ఇంగ్లీషు అనువాదం 2002లో వచ్చింది. మీకు పద్యం దగ్గర కాళ్లు తడబడితే, ముందు ఏదైనా వచనంలో కథ తెలుసుకోండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు. కథ తెలిశాక పద్యం చదువుతుంటే సూరన ఏది ఎక్కడ దాచాడో కనిపిస్తుంది, ఆ సరదా వేరు. వర్ణనలు వచ్చినచోట మొదటిసారికి దాటేయండి. మీ ఎం.ఏ. మాస్టార్లకు చెప్పకండి.

మావాడు డిగ్రీ. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ చదివి వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇలాంటివి చదవనివ్వొచ్చా? – తండ్రి, రేపల్లె

చదవనివ్వండి. వారం మాట్లాడకపోతే, ఆ నవల పట్టుకుందన్నమాట. సీతారామారావు తనను తాను తినేసుకునే మనిషి. కుర్రవాళ్లు అతనిలో తమను చూసుకుని బెదరడం సహజం. అక్కడే ఆగిపోతేనే చిక్కు.

గోపీచంద్ అక్కడ ఆగలేదు. తెనాలిలో సూతాశ్రమం కట్టుకున్న త్రిపురనేని రామస్వామి చౌదరి గారి కొడుకు. ‘ఎందుకు’ అని అడగడం నేర్పిన తండ్రికే ఆ నవల అంకితమిచ్చాడు. హేతువాదం నుంచి ఎం.ఎన్. రాయ్ దగ్గరికి, అక్కడి నుంచి అరవిందుడి దగ్గరికి చదువుకుంటూ వెళ్లాడు. తను చదివిన దేశవిదేశాల ఆలోచనాపరుల్ని మామూలు తెలుగులో పరిచయం చేస్తూ ‘తత్త్వవేత్తలు’ రాశాడు. మీవాడి చేతికి అది ఇవ్వండి. తరవాత ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’, గోపీచంద్ పోయాక 1963లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చిన నవల. ఈ మూడూ చదివాక అసమర్థుడు ఒక మజిలీగా కనిపిస్తాడు. వీలైతే మీరూ చదవండి. వాడు మాట్లాడడానికి ఇంట్లో ఒక మనిషి కావాలి కదా.

ఇంగ్లీషు నవలలు చదివేంత ఇంగ్లీషు రాదు. ప్రపంచ నవలల గురించి తెలుసుకోవాలని ఉంది. – కుట్టు మిషన్ పని, రేపల్లె

మాలతీ చందూర్ గారి ‘పాత కెరటాలు’ సంపుటాలు అడగండి. నూజివీడులో పుట్టి మద్రాసులో స్థిరపడిన నవలా రచయిత్రి. ‘హృదయనేత్రి’కి 1992లో సాహిత్య అకాడెమీ బహుమతి అందుకున్నారు. ‘స్వాతి’ మాసపత్రికలో నెలకో ఇంగ్లీషు నవలను కథ చెప్పినట్టు చెప్పుకొచ్చారు. అట్లా వందల నవలలు. ‘ప్రమదావనం’ శీర్షికలో దశాబ్దాలపాటు పాఠకుల ఉత్తరాలకు జవాబులిచ్చింది కూడా ఆవిడే. ఇలాంటి శీర్షికలు నడిపేవాళ్లందరికీ ఆవిడ పెద్దక్క లెక్క.

ఒక లోటుంది, చెప్పాలి. కథ మొత్తం తెలిసిపోతుంది, రచయిత గొంతు మాత్రం సగమే వినబడుతుంది. అందుకని నచ్చిన కథ ఒకటి ఎంచుకుని, దానికి పూర్తి తెలుగు అనువాదం ఉందేమో వెతుక్కోండి. ఈలోగా మన పక్క ఊరి నవల ఒకటి చదవండి. చేబ్రోలులో పుట్టిన వాసిరెడ్డి సీతాదేవి గారి ‘మట్టి మనిషి’. మూడు తరాల రైతు కుటుంబం, పొలం నుంచి పట్నానికి జారిపోయే తీరు. దాన్ని ఏ భాష నుంచీ తేవక్కర్లేదు.

మీరెప్పుడూ తెనాలివాళ్లనే పొగుడుతారు. బాపట్లలో పుస్తకాలు చదివేవాళ్లు లేరా? – బాపట్ల

ఉండబట్టేగా ఈ ఉత్తరం వచ్చింది! 1913లో మొదటి ఆంధ్ర మహాసభ మీ ఊళ్లో జరిగింది, అది తెనాలివాళ్లకు లేదు. పైగా 2022లో జిల్లాలు విడగొట్టాక ఇంకో ఆస్తి మీ వాటాకొచ్చింది: వేటపాలెం సారస్వత నికేతనం. 1918లో పెట్టిన గ్రంథాలయం. పాత పత్రికల కోసం దేశం నలుమూలల నుంచి పరిశోధకులు అక్కడికి వస్తారు. చీరాల దాటితే వేటపాలెమే, మీకు పూటలో వెళ్లిరావచ్చు.

వెళ్లినప్పుడు కొత్త పుస్తకాల బీరువా దగ్గర ఆగకండి. పాత పత్రికల సంపుటాలు అడగండి. కుటుంబరావు, గోపీచంద్, చలం ఏ సంవత్సరంలో ఎవరి పుస్తకం మీద ఏమన్నారో, ఎవరు తిరిగి ఏమన్నారో వాటిల్లో వెతుక్కోవచ్చు. కాగితాలు పెళుసుబారి ఉంటాయి, నెమ్మదిగా తిప్పండి. పెన్సిలు, నోటుపుస్తకం తీసుకెళ్లండి. బాపట్ల రచయితల గురించి నాకు తెలియని సంగతి ఏదైనా దొరికితే రాసి పంపండి, వచ్చే నెల ఈ శీర్షిక మీ ఊరికే ఇస్తాను.